వల నేసిన స్నేహం

భోగికి నాలుగు రోజుల ముందు మా ఇంట్లో బూజు దులిపే ఘట్టం. పొడుగాటి కర్రకి చీపురు కట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని, వంటింటి మూలకి గురిపెట్టాను. బెంగుళూరు నుంచి సెలవులకొచ్చిన మా ఎనిమిదేళ్ళ మనవరాలు పరిగెత్తుకొచ్చి కర్ర పట్టేసుకుంది.

"అమ్మమ్మా, ఆగు! అది ఇంట్లో ఉందో లేదో చూశావా?"

చూశాను. ఉంది. గూటి నడిమధ్య తలకిందులుగా, కాళ్ళన్నీ నాలుగు దిక్కులా చాపుకుని కూర్చుంది. పండగ పూట మూలన బూజేమిటని మా అత్తగారుంటే అనే మాటలు చెవిలో వినిపిస్తూనే ఉన్నాయి. అయినా ఆ మూల వదిలేసి పక్క గదిలోకి నడిచాను.

తప్పు నాదే. అంతకు ముందు రెండు రాత్రుల కిందటే ఇద్దరం కలిసి 'షార్లెట్స్ వెబ్' పూర్తిచేశాం. పుస్తకం దాని చేతిలో ఇంగ్లీషులో, కథ నా నోట్లో తెలుగులో. సాలీడు పందిపిల్లని కాపాడిన కథ చెప్పినావిడే రెండోనాడు చీపురుకర్ర ఎత్తితే పిల్ల ఊరుకుంటుందా?

ఊరుకోకపోగా, ఆ రాత్రి పక్కమీద ఒక ప్రశ్న కూడా వేసింది. "అమ్మమ్మా, టెంపుల్టన్ కూడా విల్బర్‌కి ఫ్రెండేనా?" టెంపుల్టన్ అంటే అందులో ఎలుక. "పడుకో, రేపు చెప్తాను" అన్నాను. తెలిసీ దాటెయ్యలేదు. నిజంగానే తెలియలేదు.

ఇ.బి. వైట్ రాసిన ఈ నవల 1952లో వచ్చింది. ఆయన న్యూయార్కర్ పత్రికకి ఏళ్ళ తరబడి రాసిన వ్యాసకర్త. అమెరికాలో ఈశాన్యపు మూల ఉన్న మెయిన్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున, చిన్న కమతం, పశువుల కొట్టం పెట్టుకుని బతికాడు. అక్కడి రైతులకి వసంతంలో పందిపిల్లని తెచ్చుకోవడం, వేసవంతా మేపడం, చలి ముదిరాక కొయ్యడం ఏటా జరిగే పని. ఆయనా అదే చేసేవాడు. ఒక ఏడు పందికి జబ్బు చేసింది. చంపడానికి పెంచుతున్న జంతువే. అయినా రాత్రిళ్ళు మేలుకుని మందులు పోశాడు, పశువుల డాక్టర్ని పిలిచాడు, చివరికి దక్కించుకోలేకపోయాడు. దాని మీద ఆయన రాసిన వ్యాసం 1948లో అట్లాంటిక్ పత్రికలో వచ్చింది. నాలుగేళ్ళ తరవాత వచ్చిన నవలలో పంది చావదు. బతికున్నప్పుడు ఆ జంతువుకి చెయ్యలేని న్యాయం కాగితం మీద చేశాడా అనిపిస్తుంది నాకు. రోజూ తన చేత్తో తిండి పెట్టి ఒకరోజు తనే చంపించే మనిషిని ఏ మాటతో పిలవాలి? ఆ ఇబ్బందిలోంచే ఈ కథ పుట్టింది.

కథ చిన్నది. ఈతలో బక్కగా పుట్టిన పందిపిల్లని చంపడానికి తండ్రి గొడ్డలి పట్టుకుని బయల్దేరితే, ఎనిమిదేళ్ళ ఫెర్న్ అడ్డం పడి ఆపుతుంది. విల్బర్ అని పేరు పెట్టి సీసాతో పాలు పట్టి పెంచుతుంది. పెద్దవుతుంటే ఆరు డాలర్లకి మామయ్య జుకర్‌మన్ కొట్టానికి అమ్మాల్సొస్తుంది. అక్కడ బాతులున్నాయి, గొర్రెలున్నాయి, గుమ్మం మీద గూడు కట్టుకున్న షార్లెట్ అనే బూడిదరంగు సాలీడుంది. క్రిస్మస్ నాటికి నిన్ను కోస్తారని ముసలి గొర్రె విల్బర్ చెవిన వేస్తుంది. షార్లెట్ తన గూట్లో అక్షరాలు నేసి దాన్ని బతికిస్తుంది. అంతే.

పిల్లకి ఇదంతా కొత్త. నాకు మాత్రం చదువుతున్నంతసేపూ మరో పుస్తకం గుర్తొస్తూ ఉంది. చిన్నయసూరి నీతిచంద్రిక, 1853 నాటిది. మా స్కూల్లో మిత్రలాభం పాఠం ఉండేది. చిత్రగ్రీవుడనే పావురాల రాజు పరివారంతో సహా వలలో పడతాడు. అందరూ ఒక్కుమ్మడిగా వలతోనే ఎగిరి, హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి వెళ్తారు. హిరణ్యకుడు ముందు స్నేహితుడి కట్లు కొరకబోతే, "ముందు నా వాళ్ళవి" అంటాడు చిత్రగ్రీవుడు. అదంతా చెట్టు మీంచి చూసిన కాకి లఘుపతనకుడు, ఇలాంటి స్నేహితుడు నాకూ కావాలని ఎలుక కన్నం ముందు వాలుతుంది. "నువ్వు తినేదానివి, నేను తిండిని, మనకి స్నేహమేమిటి?" అంటుంది ఎలుక. ఎంత న్యాయమైన ప్రశ్న!

వైట్ కథలోనూ స్నేహం ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. వాన కురిసిన ఒక దిగులు రోజు గడిచాక, చీకట్లోంచి ఒక సన్నని గొంతు నీకు నేను స్నేహితురాలినవుతానంటుంది. తెల్లారి చూస్తే ఆ స్నేహితురాలు విల్బర్ కళ్ళముందే ఈగని చుట్టచుట్టి, దాని రక్తం తాగి బతుకుతానని చెబుతుంది. విల్బర్‌కి కడుపులో తిప్పుతుంది. ఇంత తెలివిగలదీ, ఇంత అందమైనదీ ఇలాంటి పని చేస్తుందేమిటని మథనపడుతుంది. షార్లెట్ దాచదు, క్షమాపణ చెప్పదు. నేనిలా పుట్టాను, నా అమ్మమ్మలూ ఇలాగే బతికారంటుంది. స్నేహితుల్లో మనకి నచ్చనిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని కడిగేసి స్నేహం చెయ్యడం కుదరదు. పక్కన పెట్టుకునే చెయ్యాలి. ఈ సంగతి పిల్లల పుస్తకంలో స్నేహం మొదలైన తొలి పూటే చెప్పేశాడు వైట్.

మిత్రలాభంలో స్నేహితుడు వల కొరుకుతాడు. ఇక్కడ స్నేహితురాలు వల నేస్తుంది. కొరకడానికి పళ్ళు చాలు. నెయ్యడానికి ఆలోచన కావాలి.

ఆ ఆలోచన వెంటనే రాలేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు అదే. చావు కబురు విని విల్బర్ గుండెలు బాదుకుంటుంటే, నిన్ను చావనివ్వను, నేను కాపాడతానని షార్లెట్ మాటిచ్చేస్తుంది. ఎలాగో దానికి తెలీదు. మాట ముందు, ఉపాయం తరవాత. ఆ తరవాత రోజుల తరబడి గూట్లో తలకిందులుగా వేలాడుతూ ఆలోచిస్తుంది. విల్బర్ "ఏమైనా తట్టిందా?" అని అడుగుతూనే ఉంటుంది. మనమైతే ముందు ఉపాయం ఉందో లేదో చూసుకుంటాం. లేకపోతే "పాపం" అంటాం, "దేవుడున్నాడు" అంటాం, "ఏదైనా అవసరమైతే చెప్పు" అని ఫోన్ పెట్టేస్తాం. నేను చాలాసార్లు పెట్టేశాను. అవతలి మనిషి భయాన్ని తన పనిగా నెత్తిన వేసుకున్న రోజే స్నేహం మొదలైనట్టు లెక్క. అంతవరకూ ఉన్నది పరిచయం.

ఒక మంచు పొద్దున గూటి దారాల మీద నీటిబొట్లు పూసల్లా మెరుస్తుంటే, తిండి పెట్టడానికి వచ్చిన పాలేరుకి అందులో రెండు మాటలు కనిపిస్తాయి. వాటిని తెలుగు చెయ్యడానికి నా ప్రాణం తోకకొచ్చింది. 'భలే పంది' అన్నాను. పిల్ల పెదవి విరిచింది. 'పందంటే ఇదీ!' అన్నాక పకపకా నవ్వింది. మన భాషలో పంది అనేది తిట్టు. పందిలా తిన్నావంటాం, పందిలా పొర్లుతున్నావంటాం. ఆ మాటని నెత్తిన పెట్టుకునేలా పలకడానికి నాకే నోరు తిరగలేదు.

ఆ మాటతో ఊరు ఊరంతా కొట్టానికి కదిలొస్తుంది. అందరూ పందిని చూస్తారు. ఈ విడ్డూరమంతా సాలీడుది కదా అని జుకర్‌మన్ భార్య ఒక మాట అంటుంది గానీ ఎవరూ పట్టించుకోరు. మేలు చేసింది కనపడదు, పొందింది కనపడుతుంది. షార్లెట్‌కి కావలసిందీ అదే.

తరవాతి మాటల కోసం వెతుకులాట మొదలవుతుంది. చెత్తకుప్పలోంచి కాగితం ముక్కలు ఏరుకొచ్చే పని ఎలుకది. ఒకసారి 'కరకరలాడేది' అన్న అర్థం వచ్చే ప్రకటన ముక్క తెస్తుంది. పందిని కరకరలాడేదంటే చూసినవాడికి వేపుడు గుర్తొస్తుంది, పారెయ్యమంటుంది షార్లెట్. ఉతికినా కుంచించుకుపోదని చెప్పే చొక్కా చీటీ తెస్తుంది. అదీ పనికిరాదు. సబ్బుపొడి డబ్బా మీద 'కాంతులీనే' అన్న మాట దొరుకుతుంది. అప్పుడు షార్లెట్ చేసే పని చూడండి. ఏదీ పరిగెత్తు, ఏదీ గెంతు, పిల్లిమొగ్గ వెయ్యి అని విల్బర్‌ని ఆడిస్తుంది. మాట మనిషికి అతుకుతుందో లేదో చూసుకున్నాకే నేస్తుంది. మంచి రచయిత ఎవరైనా చెయ్యాల్సిన పని ఇదే. వైట్ ఆ తరవాత 1959లో తన గురువు స్ట్రంక్ రాసిన వచనరచన పాఠాల చిన్న పుస్తకాన్ని సవరించి వెలువరించాడు. నా మటుకు నాకు ఆయన పాఠం ఈ కొట్టంలోనే ఉంది.

చివరి మాటని షార్లెట్, విల్బర్‌ని బహుమతి పోటీకి తీసుకెళ్ళిన తిరణాలలో నేస్తుంది. ఇంగ్లీషులో దానికి రెండు అర్థాలని షార్లెటే చెబుతుంది, గర్వం లేనిది, నేలకి దగ్గరగా ఉండేది అని. పంది రెండూను. ఈ మాట దగ్గర మాత్రం తెలుగు నన్ను ఆదుకుంది. అణకువ. అణగి ఉండడంలోంచి వచ్చిన మాట. గర్వం లేకపోవడమూ అందులోనే ఉంది, నేలని అంటిపెట్టుకుని ఉండడమూ అందులోనే ఉంది. వెతక్కుండా దొరికిన అదృష్టానికి నాలో నేనే మురిసిపోయాను.

ఇంతకీ ఇదంతా మోసం కాదా? విల్బర్ మామూలు పందే. "నేను అంత గొప్పదాన్ని కాను కదా" అని అదే మొత్తుకుంటుంది. నా దృష్టిలో గొప్పదానివేనని షార్లెట్ జవాబు. లోకం అచ్చులో కనపడినదాన్ని నమ్ముతుందన్న కొంటె లెక్క కూడా దానికుంది. కానీ జరిగింది చూడండి. గొప్పదని గూట్లో రాసి ఉంటే విల్బర్ గొప్పగా నిలబడడానికి ప్రయత్నిస్తుంది. కాంతులీనేదని రాసి ఉంటే మెరవడానికి చూస్తుంది. మాట ముందు వెళ్ళింది, మనిషి వెనకాల నడిచి దాన్ని అందుకున్నాడు. పందిని మనిషన్నాను. ఉండనివ్వండి.

నాకూ ఒక గూడు కట్టిన మనిషి ఉండేది. డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో నా పక్క మంచం తనది. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. ఒకరోజు నోటీసు బోర్డు మీద వక్తృత్వ పోటీ జాబితాలో మూడో పేరు నాది. దస్తూరీ తనది. గొడవ పడ్డాను, ఏడ్చాను, పేరు కొట్టేయించమని బతిమాలాను. "నువ్వు బాగా మాట్లాడతావని అందరికీ చెప్పేశానే. ఇప్పుడు కొట్టేస్తే నా మాట పోతుంది" అంది. తన మాట పోకూడదని వారం రోజులు మేడమీద నీళ్ళట్యాంకు ముందు నిలబడి అప్పగించుకున్నాను. బహుమతేమీ రాలేదు. మోకాళ్ళు వణికిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు క్లాసు గదిలో నిలబడి పాఠం చెప్పి బతికాను. నేను బాగా మాట్లాడతానని తను అన్న రోజున అది అబద్ధం. ఎప్పుడు నిజమైందో నాకే తెలీదు.

గూడు కట్టే సాలీడు మనకీ కొత్త కాదు. మన శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం సాలీడే. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. శివుడికి దారాలతో గుడి కట్టి, దీపం మంటకి ఆ గుడి కాలిపోతుంటే మంటనే మింగబోయిందట ఆ సాలెపురుగు. ఆ కథ కూడా పిల్లకి చెప్పాను. "షార్లెట్ కూడా అంతేగా" అంది. అంతే, కానీ ఒక తేడా ఉంది. భక్తి పైకి చూస్తుంది. స్నేహం పక్కకి చూస్తుంది, ఒక్కోసారి కిందికి, బురదలోకి కూడా.

ఇక ఎలుక సంగతి. టెంపుల్టన్ ఏ పనీ ఊరికే చెయ్యదు. విల్బర్ చస్తే దాని తొట్టిలో నీకు దొరికే ఎంగిలి కూడా పోతుందని గొర్రె లెక్క చెబితేనే కాగితాలు తెస్తుంది. తినగా మిగిలినవి బోలెడు దొరుకుతాయని ఊరిస్తేనే తిరణాలకి వస్తుంది. కానీ పుస్తకంలోంచి దాన్ని తీసేసి చూడండి, విల్బర్ బతకదు. అది దాచుకున్న కుళ్ళిన బాతుగుడ్డు పగిలి కంపు కొట్టబట్టే ఫెర్న్ వాళ్ళన్నయ్య షార్లెట్‌ని పట్టుకోకుండా పారిపోతాడు. దాని పిసినారితనం కూడా ఒకసారి ప్రాణం నిలిపింది. హిరణ్యకుడి వంశంలో ఇలాంటివాడు పుట్టాడేమిటని మొదట చికాకు పడ్డాను. తరవాత ఒప్పుకున్నాను. మనకి జరిగిన మేళ్ళన్నీ స్నేహితులే చేసి ఉండరు. కొన్ని బేరగాళ్ళు చేస్తారు. వాళ్ళకి ఇవ్వాల్సింది ఇచ్చెయ్యాలి, ద్వేషించక్కర్లేదు, స్నేహమని పేరు పెట్టుకుని మోసపోనూ అక్కర్లేదు.

ఫెర్న్ సంగతి ఇంకా చిత్రం. అందరికన్నా ముందు విల్బర్‌ని కాపాడింది తను. రోజూ కొట్టంలో పాలుపితికే పీట మీద కూర్చుని జంతువుల మాటలు విన్నది తను. తిరణాలలో విల్బర్‌కి బహుమతి ఇస్తున్న ఘడియలో మాత్రం రంగులరాట్నం వైపు పరిగెడుతూ, హెన్రీ అనే పిల్లాడి కోసం చూస్తుంటుంది. వైట్ ఆ పిల్లని ఒక్క మాట అనడు. మా మనవరాలికి మాత్రం కోపం వచ్చింది. నాకు రాలేదు. ఎదగడమంటే కొన్ని కొట్టాల గుమ్మాలు దాటి వెళ్ళిపోవడమే. గొడ్డలికి అడ్డం పడిన ఆ పొద్దు మాత్రం ఎక్కడికీ పోదు.

షార్లెట్ తిరణాలలోనే గుడ్లసంచి కట్టింది. 514 గుడ్లు. అక్కణ్ణించి కదిలే శక్తి లేక, జాతర సందడంతా సద్దుమణిగిన ఖాళీ మైదానంలో ఒంటరిగా చచ్చిపోతుంది. దగ్గర ఎవరూ ఉండరు. వైట్ ఈ పుస్తకాన్ని 1970లో తన గొంతుతో రికార్డు చేసినప్పుడు ఈ ఘట్టం దగ్గర గొంతు పూడుకుపోయి 17 సార్లు చదవాల్సొచ్చిందని చెప్పుకుంటారు. తను కల్పించిన సాలీడే, తనే చంపాడు. నేను మాత్రం మంచినీళ్ళు తాగి వస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

పక్కన ఉండలేకపోయిన విల్బర్ చెయ్యగలిగింది ఒకటే. గుడ్లసంచి ఎక్కి తెమ్మని ఎలుకని బతిమాలుతుంది. ఎలుక బేరం పెడుతుంది. తొట్టిలో తిండి పడ్డప్పుడల్లా నువ్వు తిన్నాకే నేను తింటానని పంది ఒట్టేస్తుంది. పందికి తిండి అంటే ఏమిటో తెలిసినవాళ్ళకే ఆ ఒట్టు బరువు తెలుస్తుంది. సంచిని నాలుక మీద పెట్టుకుని, నోరు మెదపకుండా ఇంటికి తెచ్చి, చలికాలమంతా కాపాడుతుంది. వసంతంలో పిల్లలు బయటికొస్తాయి. స్నేహితురాలి పిల్లలు తనకి తోడుంటాయని దాని ఆశ. అవి దారం పోగులు వదిలి, గాలి పట్టుకుని ఎగిరిపోతుంటాయి. సాలీళ్ళు నిజంగానే అలా గాలివాటున పోతాయి, ఇది కల్పన కాదు. 511 వెళ్ళిపోతాయి. మూడు మిగులుతాయి.

మన భాషలో విశ్వాసం అనే మాటకి రెండు ముఖాలున్నాయి. నమ్మడమూ విశ్వాసమే, నమ్మినవాళ్ళకి కట్టుబడడమూ విశ్వాసమే. నీ మీద విశ్వాసం ఉందంటాం, తిన్న ఉప్పుకి విశ్వాసం చూపించాడంటాం. ఇంకో భాషలో ఇవి రెండు మాటలు కావచ్చు. విల్బర్ కథలో ఒకే మాట మొదటి అర్థంతో మొదలై రెండో అర్థంలో పూర్తవుతుంది. షార్లెట్‌ని నమ్మినంత కాలం అది పసిది. గుడ్లసంచి నోట పెట్టుకున్న రోజున పెద్దదైంది. అప్పు ఇచ్చినవాళ్ళు లేకుండా పోయాక కూడా తీరుస్తూ ఉండడమే రెండో విశ్వాసం.

హాస్టల్ స్నేహితురాలు పోయి మూడేళ్ళయింది. కబురు నాకు పదో రోజున తెలిసింది. ఆ మధ్య తన కూతురికి మా ఊళ్ళో ఉద్యోగమొస్తే, గది దొరికేదాకా నెల రోజులు మా ఇంట్లో ఉంది. తల్లి నవ్వే ఉందేమోనని మొహంలోకి చూస్తుండేదాన్ని. లేదు, వేరే నవ్వు. పెద్దగా మాట్లాడేది కాదు, ఎప్పుడూ చెవుల్లో పాటలు. నెల తిరక్కుండానే ఆటోలో సామాను వేసుకుని వెళ్ళిపోయింది. అప్పుడు కాస్త చివుక్కుమంది. ఇప్పుడు 511 గుర్తొస్తున్నాయి. ఆగమని కాపాడతామా?

మనవరాలి ప్రశ్నకి బయల్దేరే రోజు పొద్దున జవాబు చెప్పాను. "టెంపుల్టన్ సాయం చేశాడు, ఫ్రెండ్ కాదు. ఫెర్న్ ఫ్రెండే, వెళ్ళిపోయింది. షార్లెట్ ఫ్రెండు, పని చేసి పోయింది." అది కాసేపు ఆలోచించి, "మరి విల్బర్?" అంది. "విల్బర్ నేర్చుకుంది" అన్నాను. సంతృప్తి పడినట్టు లేదు. జడ వేయించుకుంటూ మళ్ళీ ఎలుక దగ్గరికే వచ్చింది. "కానీ గుడ్లు కిందికి దించింది వాడేగా అమ్మమ్మా." వాడే. నిజమే. దువ్వెన ఆగింది.

పండగ వెళ్ళింది. ఉగాదీ వెళ్ళింది. వంటింటి మూల గూట్లో సాలీడు ఎప్పుడు వెళ్ళిపోయిందో చూసుకోలేదు. ఇప్పుడక్కడ ఉన్నది దుమ్ము పట్టి వేలాడుతున్న నాలుగు పోగులే. పనమ్మాయి రెండుసార్లు కర్ర ఎత్తింది, రెండుసార్లూ వద్దన్నాను. "అందులో ఏముందమ్మగారూ?" అంది. ఏమీ లేదు. ఆదివారం వీడియో కాల్‌లో పిల్ల ముందు ఆ మూల చూపించమంటుంది. ఫోన్ పైకెత్తి చూపిస్తాను.